ముడులన్నీ విప్పిన ఇల్లు

మా పాపకి రేపటికి నలభై రోజులు నిండుతాయి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో నాలుగు గంటలకొకసారి పాలివ్వాలని ఉంది. అందుకని మంచం పక్కన స్టూలు మీద అలారం గడియారం పెట్టుకున్నాను. పాపకి గడియారంతో పని లేదు. రెండు గంటలకే ఏడుపు అందుకుంటుంది. నేను ముల్లు వంక చూస్తూ, దాన్ని భుజాన వేసుకుని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తాను. వెక్కిళ్లు వస్తే భయం, ఎక్కువసేపు నిద్రపోతే ఇంకా భయం. బి.ఎ. చదివినదాన్ని, ఇంత పిరికిదాన్ని ఎప్పుడయ్యానో నాకే తెలియలేదు. నాకు సాయానికి వచ్చిన అమ్మ తన జీవితంలో ఎన్ని వందలమంది బిడ్డల్ని చేతుల్లోకి తీసుకుందో ఆమెకే లెక్క లేదు. అయినా నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూసి, పొత్తిగుడ్డలు మడత పెట్టుకుంటూ కూర్చుంటుంది.

నిన్న కోటమ్మగారు పాపని చూడటానికి మా పాత ఊరి నుంచి నరసరావుపేట వచ్చింది. వెల్దుర్తి అవతల నాపరాళ్ల గోడల ఊరు అది. నా చిన్నతనం అంతా అక్కడే గడిచింది. ఆమె వచ్చేసరికి పాప ఏడుస్తోంది, నేను తిరుగుతున్నాను. "ఏందమ్మాయ్, ఎందుకట్టా తిప్పుతుండావు?" అంది. ఇంకా ఇరవై నిమిషాలు ఉందని చెప్పాను. కోటమ్మగారు గడియారం వంక చూసి, అమ్మ వంక చూసి, "బిడ్డ ఆకలికి కూడా గంట కొట్టాలా? ఇదేమన్నా బడా?" అంది. అమ్మ నవ్వింది. ఇక ఇద్దరూ కలిసి మధ్యాహ్నమంతా కోటమ్మగారి పురుటినాటి పాత కథ చెప్పుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు సగం తెలిసిన కథ. మిగతా సగం నిన్న వాళ్ల నోటి వెంట విన్నాను. ఇంటిల్లిపాదీ పడుకున్నారు. పాప కూడా పడుకుంది. మళ్లీ లేచేలోగా రాసి పెట్టుకోవాలనిపించింది.

మా నాన్న మిషను బడిలో పంతులు. నాకు ఆరేళ్లప్పుడు విషజ్వరం వచ్చి పోయాడు. అమ్మా నేనూ నరసరావుపేటలో మామయ్య ఇంటికి చేరాం. మామయ్య మంచివాడే. కానీ అత్తయ్య మేము తినేటప్పుడు ఎదురుగా వచ్చి కూర్చునేది. ఏమీ అనేది కాదు, ఊరికే కూర్చునేది. అమ్మ ఆ ఇంట్లో మారు వడ్డించుకోగా నేను చూడలేదు. ఒక రోజు పాస్టరుగారి చేత ఉత్తరం రాయించుకుని, నన్ను అక్కడే వదిలి, దూరంగా ఒక మిషను ఆసుపత్రికి పురుళ్ల పని నేర్చుకోవడానికి వెళ్లిపోయింది. ఏడాదిన్నర తర్వాత తెల్లచీర, ముందు కట్టుకునే గుడ్డ, ఒక తోలు సంచి, గోళ్లు మొదలంటా కత్తిరించిన చేతులతో తిరిగి వచ్చింది. జిల్లా బోర్డు వాళ్లు ఆమెని ఆ నాపరాళ్ల ఊరికి వేశారు. గుడ్డ దొరకని, కిరసనాయిలు దొరకని యుద్ధం రోజులవి. చర్చి పక్కన రెండు గదుల ఇల్లు ఇచ్చారు. మొదటి రోజు అన్నం తింటూ అమ్మ రెండోసారి వడ్డించుకుంది. నాకు అది బాగా గుర్తు.

ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. శనివారం శనివారం అమ్మ పురుళ్లలో వాడే గుడ్డల కోసం పాత చీరలు చింపి, ఉతికి, ఉడకబెట్టి, రాళ్ల మీద ఎండేసి, మడతలు పెట్టి, కొత్త కుండలో పెట్టి మూతేసి, సన్నటి సెగ మీద కమిలేదాకా వేడి చేసేది. కమిలిన బట్ట వాసన, బూడిద వాసన, వేపాకు పొగ, సబ్బు వాసన అన్నీ కలిసి ఉండేవి. కత్తెర గిన్నెలో మరిగేది. అమ్మ మోచేతుల దాకా సబ్బు రాసుకుని గోళ్ల సందులు బ్రష్షుతో రుద్దుకునేది. ఎవరూ పిలవకపోయినా పొద్దున్నే ఇదంతా చేసేది. నీళ్లకి వెళ్లే ఆడవాళ్లు ఆగి చూసేవాళ్లు. "రాహేలమ్మా, ఎవరికి పురుడు?" అని అడిగేవాళ్లు. "ఎవరికీ లేదమ్మా" అనేది అమ్మ. "మరి అంతగా కడుక్కునేదెందుకు?" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు.

ఎవరూ పిలవలేదన్నది నిజం. ఆ ఊళ్లో పురుళ్లు పోసే మంత్రసాని అంకమ్మ. ఆమె తల్లీ, తల్లి తల్లీ అదే పని చేశారు. ఊళ్లో నడిచే మనుషుల్లో సగంమంది ఆమె చేతుల మీదుగా నేల మీదకి వచ్చినవాళ్లే. అలాంటి ఊళ్లో బూట్ల చప్పుడు చేసుకుంటూ వచ్చిన నర్సమ్మని పిలిచేదెవరు? పుండ్లకి మందుకి వచ్చేవాళ్లు. పిల్లలకి కళ్లకలక వస్తే వచ్చేవాళ్లు. పురుటికి మొదటి పిలుపు ఒక గేదెకి వచ్చింది. దూడ అడ్డం తిరిగిందట. "నర్సమ్మ చెయ్యి సన్నం గదా" అని పిలిచారు. అమ్మ వెళ్లింది. చేతులు మోచేతుల దాకా కడుక్కునే వెళ్లింది. దూడ బతికింది. గేదె యజమాని ఒక చెంబు జున్నుపాలు పంపాడు. ఆ రాత్రి జున్ను తింటూ అమ్మ, "ఇది బోర్డు వాళ్లకి రాయనా వద్దా?" అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

కానీ నవ్వులాట కాదని నాకు తెలుసు. అప్పటికి మేము వచ్చి ఎనిమిది నెలలు. తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరమ్మ, ఏడాది తిరిగేలోగా ఒక్క పురుడైనా పోయకపోతే ఈ ఊరికి నర్సు అక్కర్లేదని రాసేస్తానని చెప్పి వెళ్లింది. అంటే మళ్లీ మామయ్య ఇల్లు. మళ్లీ అత్తయ్య ఎదురుగా వచ్చి కూర్చోవడం. అమ్మ ఆ మాట ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం చెప్పింది. చెప్పి, తొమ్మిదేళ్ల పిల్లకి ఎందుకు చెప్పానా అన్నట్టు నా తల నిమిరింది.

ఆ ఊళ్లో పెద్ద కమతం రామయ్యగారిది. ఆయన భార్య పిచ్చమ్మగారు ఇంటినీ, పాలేళ్లనీ, రామయ్యగారినీ ఒక్క గొంతుతో నడిపేది. కోటమ్మగారు వాళ్ల కోడలు. రెండుసార్లు పుట్టింట్లో పురుడు పోసుకుంటే రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. మూడోసారి పిచ్చమ్మగారు కోడల్ని పుట్టింటికి పంపలేదు. "ఈసారి నా కళ్ల ముందర జరగాల్సిందే" అంది. అంకమ్మకి నెల ముందే చెప్పి పెట్టుకుంది. కానీ నొప్పులు రెండు వారాలు ముందే వచ్చాయి, అదీ అంకమ్మ పక్క ఊళ్లో వేరే పురుటికి పోయిన రోజు. అంకమ్మ కోసం మనిషిని పరిగెత్తించి, పిచ్చమ్మగారు కోడి కూసే వేళకి అమ్మకి కబురు పెట్టింది. ఆ కబురు కూడా ఇలా ఉంది: అంకమ్మ వచ్చేదాకా వచ్చి పక్కన కూర్చోవాలి, చెయ్యి మాత్రం వెయ్యకూడదు.

నన్ను ఒంటరిగా వదల్లేక అమ్మ వెంట తీసుకెళ్లింది. ఆ వేళ ఆ ఇల్లు ఎలా ఉందో చెప్పాలి. పురుటి నొప్పులు మొదలైన ఇంట్లో ముడి అన్నది ఉండకూడదని ఆ ఊళ్లో పట్టింపు. ముడి ఉంటే బిడ్డకి దారి బిగుస్తుందని. మామూలు ఇళ్లలో ఆడవాళ్లు జుట్టు విప్పుకుని, పెట్టె తాళం తీసి ఊరుకునేవాళ్లు. పిచ్చమ్మగారు ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న ఇంటికి పెద్ద. ఆమె దేన్నీ వదల్లేదు. ఉట్లు విప్పేసి పెరుగు కుండలన్నీ నేల మీద పెట్టించింది. బావి చేంతాడు ముడి విప్పించింది. పెట్టెలూ గాదె తలుపులూ బార్లా తెరిపించింది. చింతపండు మూటలు విప్పితే చింతపండు అరుగంతా పరుచుకుంది. గేదెలకీ ఎద్దులకీ మెడల పలుపులు తీయించింది. ఆఖరికి మగవాళ్ల మొలతాళ్లు కూడా విప్పించింది. పాలేళ్లు ఒక చేత్తో పంచె పట్టుకుని, ఒక చేత్తోనే పనులు చేస్తున్నారు.

గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె అమ్మని కింద నుంచి పైదాకా చూసింది. "ముందు ఆ కొప్పు విప్పు" అంది. శిక్షణలో అమ్మకి నేర్పిన మొదటి పాఠం జుట్టు ఒక్క పోగు కూడా జారకుండా బిగించుకోవడం. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి కొప్పు విప్పింది. "ఆ ముందు గుడ్డకి ఎనక ముడి." అదీ విప్పింది. "సంచికి తాడు." తీసేసింది. జుట్టుకి గుడ్డ చుట్టుకుంటానంది. "చుట్టుకో. కట్టుకోమాక." చివరికి కొంగునే తల చుట్టూ తిప్పి చెవి దగ్గర దోపుకుంది. తర్వాత పిచ్చమ్మగారి చూపు నా రెండు జడల మీద పడింది. ఆమె చేతులతోనే నా జడలు విప్పేసింది, కొంచెం గట్టిగానే.

నేను అరుగు మీద చింతపండు పక్కన కూర్చున్నాను. పొద్దెక్కేసరికి రామయ్యగారు దొడ్డి వైపు నుంచి పంచె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమే, గేదెలు పక్క మిరపతోటలో పడ్డాయే."

"పడితే తోలుకురా" అంది పిచ్చమ్మగారు లోపలి నుంచే. "కట్టమాక."

"కట్టకుండా ఎట్టా ఆపేది?"

"ఏదన్నా చెప్తా ఉండు వాటికి. నాకు చెప్తావు గదా రోజూ."

ఆయన నిజంగానే దొడ్డి వాకిట్లో నిలబడి గేదెలతో మాట్లాడాడు. ఒక చెయ్యి పంచె మీద, ఒక చెయ్యి గేదె కొమ్ము మీద. "వెళ్లమాకమ్మా, కాసేపు, ఇంకొక్క గడియ" అంటున్నాడు. ఆ గొంతు నిన్న కోటమ్మగారు అచ్చం అలాగే అనుకరించింది. ఆ మాటలు గోడ అవతల తనకి నొప్పుల్లో వినపడుతున్నాయట. నొప్పికి ఏడవాలో నవ్వాలో తెలియలేదట.

లోపల జరిగింది నేను చూడలేదు. చెప్పగా విన్నదే. అంకమ్మ రాలేదు. బిడ్డ ఆగలేదు. తల కనపడేసరికి పిచ్చమ్మగారే, "ఏందట్టా చూస్తావు, పట్టు" అంది. అమ్మ పట్టింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. అమ్మ నోట్లో జిగట తుడిచి వీపు రుద్దింది. అరుగు మీద నాకు ఆ ఏడుపు వినపడింది, సన్నగా, కోపంగా. రామయ్యగారు గేదె కొమ్ము వదిలేశాడు.

అప్పుడు అమ్మ తనకి నేర్పినట్టు చేసింది. ఉడకబెట్టిన దారంతో బొడ్డుతాడుకి బిడ్డ వైపు ఒక ముడి, తల్లి వైపు ఒక ముడి వేసి, రెంటి మధ్యా కత్తిరించింది. ఎన్నోసార్లు చేసిన పని. చేతులే చేసుకుపోయాయి. తలెత్తి చూస్తే పిచ్చమ్మగారి మొహం మారిపోయి ఉంది.

"మాయ పడకుండా ముడేశావా?"

బిడ్డ వెనక మాయ కూడా బయటపడేదాకా ఆ ఇంట్లో పురుడు అయినట్టు కాదు. గేదెలు కూడా పలుపులు లేకుండా నిలబడి ఉన్న ఇంట్లో, సరిగ్గా తల్లికి అంటుకుని ఉన్న చోట, నర్సమ్మ ముడి వేసింది. అమ్మ ఇది మామూలేనని చెప్పింది. కాసేపు ఆగితే మాయ దానంతటదే వస్తుందంది. కాసేపు ఆగారు. రాలేదు. ఇంకాసేపు ఆగారు. పిచ్చమ్మగారు మాట్లాడటం మానేసింది. అన్నిటికంటే దానికే అమ్మకి ఎక్కువ భయమేసిందట. కోటమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకుని, "నేను పోతానా అక్కా?" అని అడిగిందట. మాచర్ల ఆసుపత్రి బండి మీద దాదాపు ఒక పూట దారి. తాడు పట్టి లాగకూడదని అమ్మకి తెలుసు. ఆగడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియలేదు. నిన్న అమ్మ ఇది చెబుతూ, "ఆ గడియలో నాకు మీ అత్తయ్య మొహం కనపడిందే" అంది. ఇన్నేళ్లకి మొదటిసారి చెప్పింది ఆ మాట.

అంకమ్మ అప్పుడు వచ్చింది. పొట్టిగా, నల్లగా, చెవుల నిండా తమ్మెట్లతో, కాళ్ల నిండా దుమ్ముతో నా ముందు నుంచే లోపలికి వెళ్లింది. పిచ్చమ్మగారు చెప్పేదంతా విని, చెంబెడు నీళ్లు తాగి, అమ్మ పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏం పిల్లా, రెండో ముడి ఎందుకేశావు?"

"మాకట్టాగే నేర్పారు పిన్నీ. లోపల ఇంకో బిడ్డ ఉంటే దాని రక్తం ఇటు పోకుండా."

"ఉందా ఇంకో బిడ్డ?"

"లేదు. పొట్ట తడిమి చూశా."

"ఉంటే కాపలా పెట్టాల. లేనప్పుడు ఆ తలుపెందుకు మూసేది? విప్పు."

అమ్మ కదల్లేదు. పుస్తకంలో అలా లేదు. తాడు తెగిన కొసని వదిలేయమని ఎవరూ చెప్పలేదు. అంకమ్మ తానే విప్పేయొచ్చు. విప్పి ఉంటే ఊరంతా అంకమ్మే కోటమ్మని బతికించిందని చెప్పుకునేది, మేము వారం తిరక్కుండా మూటలు కట్టుకునేవాళ్లం. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నేను ముట్టను. ఏసిన చెయ్యే ఇప్పాల" అంది.

అమ్మ బిడ్డ వైపు ముడి ఇంకోసారి గట్టిగా ఉందో లేదో చూసి, తల్లి వైపు దారం విప్పింది. తాడులో నిలిచిన రక్తం కాస్త గిన్నెలోకి జారింది. అంకమ్మ బిడ్డని తల్లి రొమ్ముకి అందించింది. వేడివేడిగా ఒక గ్లాసు సొంఠి నీళ్లు తాగేంత సేపు పట్టిందేమో, మాయ వచ్చేసింది. అది ముక్క మిగలకుండా వచ్చిందో లేదో చూడాలని అమ్మ వంగింది, అదే పనికి అంకమ్మా వంగింది. ఇద్దరి తలలూ ఠంగుమని తగిలాయట. "నీకూ ఇదే నేర్పారా?" అంది అంకమ్మ తల రుద్దుకుంటూ. "మొత్తం ఉంది చూడు."

బయట రామయ్యగారు మొలతాడు కట్టుకోవచ్చా అని అడిగాడు. కట్టుకోవచ్చన్నారు.

అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. మాయ దానంతటదే పడేదేననీ, ముడికీ దానికీ సంబంధం ఉందో లేదో తనకి తెలియదనీ అంటుంది. అయితే ఆ తర్వాత పోసిన ప్రతి పురుటిలోనూ, లోపల రెండో బిడ్డ లేదని తేల్చుకున్నాక, తల్లి వైపు ముడి విప్పి వదిలేసేది. ఎందుకని అడిగితే, "నష్టమేముంది?" అనేది. నేను కాలేజీలో ఉన్నప్పుడు దీని మీద అమ్మతో వాదించాను. మూఢనమ్మకాలకి లొంగిపోయావన్నాను. నా చదువు చూసి మురిసిపోతూ విని, చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

నలభై రోజుల కిందట నేను ఆసుపత్రిలో ఇనపమంచం మీద పడుకున్నప్పుడు నర్సు నా జుట్టు రెండు జడలుగా బిగించి అల్లి రిబ్బన్లు కట్టింది. విప్పమని అడుగుదామనుకుని సిగ్గుపడ్డాను. ఆ గది తెల్లగా, శుభ్రంగా ఉంది. రక్తం కావాలంటే సీసాలో ఉంది, డాక్టరమ్మ పిలుపు దూరంలో ఉంది. కోటమ్మగారి మొదటి ఇద్దరు బిడ్డలకీ ఆ గది దొరికి ఉంటే బతికేవాళ్లేమో. అందుకే ఆ కాలమే బాగుందని నేను అనలేను. కానీ ఆ గదిలో నా చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు, నాతో మాట్లాడినవాళ్లు లేరు. అమ్మని లోపలికి రానివ్వలేదు. పాపని చూపించడానికి బయటికి వెళ్లిన ఆయా నవ్వుతూ తిరిగొచ్చింది. "మీ అమ్మగారేంటండీ, వరండాలో బల్ల మీద జుట్టు విరబోసుకుని కూర్చున్నారు?" అంది.

మళ్లీ ఆ ఊరికి వస్తాను. పదకొండో రోజు పురిటి స్నానానికి అంకమ్మకీ మాకూ పిలుపు వచ్చింది. పురుడు రోజున లోపలి గదిలో కూర్చున్న అమ్మ, ఇల్లు కడిగి స్నానాలయ్యాక మళ్లీ వసారా దాటకూడని మనిషే. ముగ్గురం వసారాలోనే విస్తళ్ల ముందు కూర్చున్నాం. బిడ్డ దక్కాలని, ఎంగిలి విస్తరాకు మీద దొర్లించి పుల్లమ్మ అని పేరు పెట్టారు. ఆ పుల్లమ్మకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పిచ్చమ్మగారు అంకమ్మకి చేటలో జొన్నలు, చీర పెట్టింది, తాతల నాటి హక్కు అది. అమ్మకి చీర పెట్టింది. మంచి మాట ఒక్కటీ అనలేదు. మేము లేచి వస్తుంటే గడప మీద నుంచి పిలిచింది.

"ఏమ్మే రాహేలూ. రాజుపాలెంలో మా పెద్దమ్మాయికి మూడో నెలంట. పురుటికి ఇక్కడికే తెస్తుండా. శ్రావణం దాటేదాకా ఊరొదిలి యాడికీ పోమాక."

"సరేనమ్మా" అంది అమ్మ.

"నువ్వూ అంకమ్మా ఇద్దరూ ఉండాల. ఎవరొకరు రాకపోయినా ఊరుకోను."

దారిలో అమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఇనస్పెక్టరమ్మ వచ్చే నెల దాటి, ఇంకా రెండు వేళ్లు మిగిలాయి. వాటిని విప్పకుండా అలాగే పట్టుకుని నడిచింది. అంకమ్మ ఇంటి ముందు ఆగి, పొదగడానికి వచ్చిన పెట్ట ఒకటి ఇస్తావా పిన్నీ అని అడిగింది. ఇరవై ఒక్క రోజులు ఇల్లు కదలని వాళ్లు కదా పెట్టని పొదగేసుకునేది. సాయంత్రానికి అంకమ్మే దాన్ని చంకన పెట్టుకుని, పదకొండు గుడ్లు కొంగులో వేసుకుని మా ఇంటికి వచ్చింది. మూల గంపలో ఊక పోసి గుడ్లు అమర్చి పెట్టని దింపింది. అమ్మ అప్పటికే చేతులు కడుక్కుని వచ్చి, గుడ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి వంగింది.

అంకమ్మ ఆమె చెయ్యి పక్కకి తోసింది. "దీనికి నీ చదువు చూపించమాక పిల్లా" అంది. "దాని పని దానికి తెలుసు."